పుస్తెల పళ్ళెంలో చక్రవర్తి

మా అత్తయ్యగారు యేసుప్రభువు మీద పచ్చడి బండ ఎత్తి పట్టుకుని, కొట్టలేక, దించలేక నిలబడిపోయిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టు ఉంది. మిల్టన్‌లో మా టౌన్‌హౌస్ వంటింట్లో, నేను పట్టుబట్టి వేయించుకున్న కొత్త కౌంటర్‌టాప్ మీద జరిగింది ఈ ఘోరం. చూసి పెద్ద కేక పెట్టాను. ఆ కేక మాత్రం కౌంటర్‌టాప్ కోసమే. ప్రభువు సంగతి నాకు ఆ తర్వాతే గుర్తొచ్చింది.

అక్కడిదాకా ఎందుకు వచ్చిందో చెప్పాలంటే మా అమ్మాయి పెళ్ళి దగ్గర మొదలుపెట్టాలి. అది రోజూ పొద్దున్నే మిల్టన్‌లో ట్రైనెక్కి టొరంటోలో ఆఫీసుకు వెళ్తుంది. ఆ ట్రైన్‌లోనే ఒక గ్రీకు కుర్రాడు పరిచయమయ్యాడు. మంచు పడి ట్రైన్లు ఆగిపోయిన రోజుల్లో మేమిక్కడ కంగారుపడి ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, వాళ్ళక్కడ హాయిగా ప్రేమించుకున్నారన్నమాట. పిల్లాడు బంగారం. మొదటిసారి ఇంటికొచ్చిన రోజు నేను ఎండు రొయ్యలు వేయిస్తున్నాను. ఆ వాసనకి సిగ్గుపడి గబగబా కిటికీలు తెరవబోతే, "నో నో ఆంటీ, మా యాయా కిచెన్ కూడా ఇలాగే స్మెల్ వస్తుంది" అని ఇంగ్లీషులో చెప్పాడు. యాయా అంటే వాళ్ళ భాషలో నానమ్మట. మా ఆయన అక్కడికక్కడే పడిపోయాడు. "ఇంకేం కావాలే మనకి? పాస్టరుగారికి ఫోన్ చెయ్" అన్నాడు.

మేం తెనాలి వైపు ప్రొటెస్టెంటు క్రైస్తవులం. అత్తయ్య మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. అమ్మాయి పుట్టినప్పుడు పురిటికి సాయమని వచ్చి ఇక ఇక్కడే ఉండిపోయారు. నేనేమో డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్లో, మా ఆయనేమో సాఫ్ట్‌వేర్లో. పిల్లని పెంచింది అక్షరాలా ఆవిడే. పొద్దున్నే దాని నెత్తి మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తే గానీ స్కూలు బస్సు ఎక్కనిచ్చేవారు కాదు. ఆవిడ ప్రార్థన ఎప్పుడూ పొట్టిగా ఉండదు. ప్రభుత్వాలూ, ప్రయాణాలూ, పురుళ్ళూ, పిల్లల పరీక్షలూ అన్నీ వచ్చి తీరతాయి. బస్సు డ్రైవరు హారన్ కొడుతూనే ఉండేవాడు.

మా పెళ్ళిళ్ళలో ఒక పద్ధతుంది. పుస్తెలు పళ్ళెంలో పెట్టి పెద్దవాళ్ళందరి ముందుకీ తిప్పుతారు. అందరూ ముట్టుకుని దీవిస్తారు. చివరికి ఇంటికి పెద్దయినవాళ్ళు ఆ పళ్ళెం ఒళ్ళోకి తీసుకుని, పుస్తెల మీద చెయ్యి ఉంచి, అందరూ వినేలా ప్రార్థన చేస్తారు. అప్పుడు గానీ అవి పెళ్ళికొడుకు చేతికి వెళ్ళవు. మా అమ్మాయి మొత్తం పెళ్ళిలో అడిగింది అదొక్కటే. "హాల్ నీ ఇష్టం, ఫుడ్ నీ ఇష్టం మమ్మీ. బట్ నానమ్మే ప్రే చెయ్యాలి. లేకపోతే నాకు మ్యారేజ్ అయినట్టే ఉండదు" అంది. అత్తయ్య ఆ మాట విని నాలుగు రోజులు కాలు నేల మీద పెట్టలేదు.

పుస్తెలు రెండు కదా. పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి. పుట్టింటి పుస్తె అత్తయ్య తనకు తెలిసిన కంసాలి చేత, సిలువ గుర్తు వేయించి, తెనాలి నుంచి తెప్పించారు. అత్తింటి పుస్తె సంగతి మగపెళ్ళివారికి చెప్పాలి. వాళ్ళింట్లో పెద్దదిక్కు యాయా. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను ఇంగ్లీషులో చెప్పడం, మనవడు గ్రీకులోకి మార్చడం. "అత్తింటివాళ్ళు పెట్టిన బంగారం పిల్ల మెళ్ళో ఉండాలండీ, మా ఆచారం" అన్నాను. వాడేం చెప్పాడో దేవుడికే తెలియాలి. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, నల్ల గౌను మెడలోంచి ఒక గొలుసు పైకి లాగి, తీసి మా అమ్మాయి మెళ్ళో వేసేసింది. గొలుసుకి ఒక బంగారు బిళ్ళ. ఇస్తాంబుల్‌కి ఇంకా ఆ పేరు రాకముందు అక్కడినుంచి ఏలిన బైజాంటియం చక్రవర్తుల నాటి నాణెమట. తొమ్మిదొందల ఏళ్ళ కిందటిదని తెలిసినవాళ్ళెవరో చూసి చెప్పారట. ఓరి నాయనో అనుకున్నాను. నేనడిగింది చిన్న పుస్తె. వాళ్ళు ఇచ్చింది సామ్రాజ్యం.

ఇంటికి రాగానే అత్తయ్య బిళ్ళని డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, బైబిలు చదువుకునే భూతద్దం తీశారు. ఒకవైపు యేసుప్రభువు. తల వెనక వెలుగు చక్రం, అందులో సిలువ. సింహాసనం మీద కూర్చుని, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, రెండో చేత్తో దీవిస్తున్నాడు.

"బైబిలు పట్టుకున్నాడే అమ్మాయ్! మంచి బిళ్ళే" అన్నారు అత్తయ్య. "కూర్చోడానికి దిండు కూడా వేశారు. చాలా మర్యాద తెలిసినవాళ్ళు."

తిప్పితే రెండోవైపు ఇద్దరు మనుషులు పక్కపక్కనే నిలబడి, మధ్యలో ఒక పొడుగాటి సిలువని చెరొక చేత్తో పట్టుకుని ఉన్నారు. ఒకాయనకి కిరీటం, ఒళ్ళంతా రాళ్ళు పొదిగిన అంగీ. రెండో మనిషి ఆడమనిషి, నెత్తి మీంచి ముసుగు. అత్తయ్య మొహం చాటంత అయింది.

"పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ! ముసుగేసుకుంది చూడు, అచ్చం మన పిల్లల్లాగే. ఇద్దరూ కలిసి కేకు కోసే కత్తి పట్టుకున్నట్టు సిలువ పట్టుకున్నారు. ఎంత భక్తే!"

"సిలువకి అడ్డకర్రలు రెండున్నాయేంటి అత్తయ్యా?"

"ఇద్దరున్నారు కదా. ఆయనకొకటి, ఆవిడకొకటి."

"ఆవిడ పక్కన ఎం, పీ అని రాసుంది."

"ఎంపీగారేమోనే. ఆ రోజుల్లోనే ఎంత చదివించారో ఆడపిల్లని!"

నవ్వాపుకోలేక నేను వంటింట్లోకి పారిపోయాను. ఆవిడ ఊరుకుంటారా? ఫొటో తీసి తెనాలిలో ఉన్న బంధువులందరికీ పంపించారు. మా మనవరాలికి అత్తింటివాళ్ళు పెళ్ళి బొమ్మ ఉన్న పుస్తె పెట్టారహో అని ఒకటే డప్పు.

ఒక్కటే బాధ ఆవిడకి. బిళ్ళ చదునుగా లేదు. చిన్న డొప్పలా వంగి ఉంది. ప్రభువున్న వైపు ఉబ్బు, పెళ్ళిజంట ఉన్న వైపు గుంట. "ఎవరో తొక్కారే దీన్ని" అన్నారు. పుస్తెలు కూడా వెనక డొల్లగానే ఉంటాయి కదా అన్నాను. "పుస్తె పుస్తే, కాసు కాసే. కాసు ఎక్కడన్నా డొప్పలా ఉంటుందా? పాపం ఆ యాయమ్మగారికి కళ్ళు ఆనవు, ఏ కుర్చీ కిందో పడి సొట్టపోయుంటుంది. సొట్టపోయిన బంగారంతో పెళ్ళేంటి? అంటే మనకి అలాంటి పట్టింపులేం లేవనుకో. అయినా బాగోదు." అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

శనివారం కూరగాయలు తెచ్చుకుని ఇంట్లోకి వచ్చేసరికి వంటింటి నిండా కుంకుడు వాసన. బిళ్ళని కుంకుడు రసంలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి తళతళలాడించేశారు. అంతవరకూ ఫరవాలేదు. దాన్ని మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టి, మా చిన్న రోలుతో వచ్చిన పచ్చడి బండ రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. ఉబ్బు పైకుంటేనే కదా కొడితే అణిగేది! ఉబ్బు మీదున్నది ప్రభువాయె. బండ గాలిలోనే ఆగిపోయింది.

నా కేక అయ్యాక, "నువ్వు కొట్టవే" అన్నారు అత్తయ్య, నా వైపు చూడకుండా.

"నేనెందుకు కొడతానూ! నాకేం పాపభయం లేదనుకుంటున్నారా?"

"పోనీ తిప్పి కొడితే?"

"తిప్పితే ఉబ్బు కిందకెళ్తుంది. కింద నలిగేది ఎవరు? ఆయనే."

ఆవిడ బిళ్ళని ఇటు తిప్పారు, అటు తిప్పారు. ఎటు తిప్పినా దెబ్బ ప్రభువుకే. "ఒరేయ్ అబ్బాయ్, ఇలా రారా" అని మా ఆయన్ని పిలిచారు. ఆయన మెట్ల మీంచి తొంగిచూసి, సంగతి అర్థమై, "నాకు మీటింగుందమ్మా" అని తలుపేసుకున్నాడు. శనివారం నాడు మీటింగు! ఇంటికి మగదిక్కు ఉన్నాడంటే ఉన్నాడు మరి.

దేవుడు పంపినట్టు సరిగ్గా అప్పుడే కాబోయే అల్లుడూ, అమ్మాయీ తలుపు తీసుకుని లోపలికొచ్చారు. కుంకుడు నురగ, తువ్వాలు, బండ, బిళ్ళ చూసేసరికి ఆ పిల్లాడి మొహంలో నెత్తుటిచుక్క లేదు. ఆ నాణేలు ఆ కాలంలో అలాగే డొప్పల్లా కొట్టేవారనీ, ఎందుకో ఎవరికీ గట్టిగా తెలియదనీ, ఒకదాంట్లో ఒకటి దొంతర పెట్టుకోడానికేమో అని కొందరంటారనీ చెప్పాడు. అమ్మాయి తెలుగులో చెప్పింది. "ఇడ్లీ రేకుల్లాగానా? ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా బాబూ, చేతులు నొప్పెట్టాయి" అని అత్తయ్య బండ దించారు. నేను కౌంటర్‌టాప్ మీద చెయ్యి వేసి తడుముకున్నాను. గీత కూడా పడలేదు, దేవునికి స్తోత్రం.

అంతటితో అయిపోవలసింది. కానీ అత్తయ్య ముచ్చటగా, "ఇంతకీ ఈ పెళ్ళిజంట ఎవరు బాబూ?" అని అడిగారు.

"ఎంపరర్ అండ్ మేరీ" అన్నాడు వాడు. "మదర్ ఆఫ్ జీసస్. ఆ ఎం, పీ అంటే గ్రీకులో మదర్ అని."

అత్తయ్య బిళ్ళని తువ్వాలు మీద పెట్టి, చెయ్యి పమిటకి తుడుచుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు క్యాథలిక్కుల్ని ఆర్‌సీఎం వాళ్ళంటారు. పక్కింటివాళ్ళే, క్రిస్మస్‌కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకుంటాం. మరియమ్మ బొమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం మా అత్తయ్యకి లక్ష్మణరేఖే. "ఇది ఆర్‌సీఎం బిళ్ళ" అన్నారు. మేం క్యాథలిక్కులం కాదు, ఆర్థడాక్స్ అని వాడు మొత్తుకున్నా వినలేదు. "పేరేదైతేనేం బాబూ. ప్రభువొక్కడికే మొక్కుతాను నేను. మరియమ్మ ఉన్న బిళ్ళ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యను. ఇంకెవరితోనన్నా చేయించుకోండి."

అమ్మాయి నిలువునా నీరైపోయింది. ఆ సాయంత్రం గరాజ్‌లో కారులో కూర్చుని ఏడుస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. "యాయా ఇచ్చింది వేసుకోకపోతే షి విల్ బీ హర్ట్. నానమ్మ ప్రే చెయ్యకపోతే నేను పెళ్ళెలా చేసుకోను మమ్మీ? ఇద్దరు గ్రాండ్‌మదర్స్‌లో ఒకర్ని నేనెలా చూజ్ చేసుకోవాలి?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికొచ్చి అత్తయ్యని నిలదీశాను. ఇన్నేళ్ళలో ఆవిడ మీద గొంతు పెంచడం అదే మొదలు. "పిల్ల ఏడుస్తోందండీ అక్కడ! మీరు పెంచిన పిల్ల!"

ఆవిడ టేబుల్ మీదున్న భూతద్దం తీసి కొంగుతో తుడిచారు. తర్వాత అసలు సంగతి బయటపడింది. "తొమ్మిదొందల ఏళ్ళ బిళ్ళ పక్కన నా పుస్తె ఎంత ఆనుతుందే? నిన్నగాక మొన్న తెనాలిలో చేసింది. రేపు పిల్ల వాళ్ళ గుడికెళ్తుంది, వాళ్ళ దండం పెడుతుంది. ఇంక నా ప్రార్థన దానికెందుకు?" అన్నారు. నాకు జాలేసింది. కోపమూ పోలేదు. రెండూ కలిసి వస్తే ఏం చెయ్యాలో తెలీక టీ పెట్టాను.

మా ఆయన ఒక ఉపాయం చెప్పాడు, చెప్పకపోయినా బాగుండేది. మరియమ్మ వైపు చిన్న ప్లాస్టరు అంటిద్దామట, వేలు తెగితే వేస్తామే అది. "ప్రభువు వాళ్ళమ్మకి ప్లాస్టరేస్తావురా!" అని అత్తయ్యే ఆయన్ని చీపురుకట్టతో తరిమారు.

ఆదివారం యాయాని భోజనానికి పిలిచాం. పిల్ల మెళ్ళో బిళ్ళ ఎలా ఉందో చూస్తానంది. అత్తయ్య ముందే వెళ్ళి, చెయ్యి తగలకుండా కొంగుతో పట్టుకుని, ప్రభువు వైపు బయటికుండేలా తిప్పారు. యాయా వచ్చి, చూసి, నవ్వి, మరియమ్మ వైపుకి తిప్పి ముద్దుపెట్టుకుంది. అత్తయ్య ఆ పక్కగా వెళ్తున్నట్టు వెళ్ళి మళ్ళీ తిప్పారు. యాయా పప్పు వడ్డించుకుంటూ మళ్ళీ తిప్పింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకుంటూనే తిప్పుతున్నారు. మధ్యలో మా అమ్మాయి మెడ చాచుకుని, "నా నెక్ ఊడొస్తుంది, ప్లీజ్!" అని అరిచింది.

అప్పుడు యాయా చెప్పింది, మనవడు అర్థం చెప్పాడు. ఆవిడ పెళ్ళి కాకముందే ఒంటరిగా ఓడెక్కి కెనడా వచ్చిందట. రేవులో వాళ్ళమ్మ ఈ బిళ్ళ మెళ్ళో వేసి, నేను నీతో రాలేను, ఈ అమ్మ వస్తుంది అందట. ఆవిడ తల్లిని మళ్ళీ చూడలేదు. మా అమ్మాయి ముక్కు ఎగపీల్చింది. నేనూ పమిట కొంగు వెతుక్కున్నాను. అత్తయ్య మాత్రం యాయా పళ్ళెంలో ఇంకో చేపముక్క వేసి, "పాపం" అన్నారు. తర్వాత నాతో చిన్నగా, "అయినా నేను ముట్టను" అన్నారు. మనిషా, మొండిగోడా?

పెళ్ళి రోజు వచ్చింది. మా తెలుగు సంఘం బ్రాంప్టన్‌లో ఒక తెల్లవాళ్ళ చర్చిని అద్దెకు తీసుకుంటుంది, అక్కడే. మర్నాడు గ్రీకు చర్చిలో వాళ్ళ పద్ధతిలో ఇంకోసారి. ప్రార్థన ఎవరు చేస్తారని పాస్టరుగారు అడిగితే అమ్మాయి, "మా నానమ్మ" అంది మొండిగా. ఒప్పుకోకపోతే ఏం చేస్తావే అంటే, "అప్పటిదాకా నిలబడే ఉంటాను" అంది. మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

మా పెళ్ళిళ్ళలో కానా ఊరి పెళ్ళి లేకుండా ప్రసంగం ఉండదు. పాస్టరుగారు కూడా అదే ఎత్తుకున్నారు. విందులో ద్రాక్షరసం నిండుకుంటే ప్రభువు నీళ్ళని ద్రాక్షరసం చేసిన చోట, అది ఒట్టి పళ్ళరసమే గానీ మత్తుపానీయం కాదని మా సంఘంలో గట్టిగా చెబుతారు. ఆ ముక్క పాస్టరుగారు ఇంగ్లీషులో కూడా చెప్పి, మనవడు పక్కకి వంగి చెవిలో గ్రీకులోకి మార్చగానే యాయా ఎంత గట్టిగా నవ్విందంటే వెనక వరసలన్నీ మెడలు సాచి చూశాయి. మగపెళ్ళివారంతా భుజాలు కుదుపుకుంటూ నవ్వు ఆపుకున్నారు. అత్తయ్య నవ్వలేదు. కానా మాట విన్న దగ్గర్నుంచీ ఆవిడ ఏదో ఆలోచనలో పడిపోయారు.

పళ్ళెం బయల్దేరింది. తెల్లపూల మధ్య మా తెనాలి పుస్తె, పక్కన యాయా బిళ్ళ. పెద్దలందరూ ముట్టుకున్నారు. యాయా వంతు వచ్చినప్పుడు మరియమ్మ వైపు పైకి తిప్పి, ముద్దుపెట్టి మరీ దాటించింది. ఉబ్బు కిందకెళ్ళేసరికి బిళ్ళ పళ్ళెంలో నిలకడగా ఉండదు. కొబ్బరి చిప్పలా అటూ ఇటూ ఊగుతూ, చక్రవర్తిగారూ మరియమ్మగారూ కలిసి మా అత్తయ్య ఒళ్ళోకి వచ్చారు.

ఆవిడ పళ్ళేన్ని పమిట కొంగుతో పట్టుకున్నారు, చెయ్యి తగలకుండా. అమ్మాయి తెల్లచీరలో, ముసుగులోంచి, కళ్ళార్పకుండా నానమ్మనే చూస్తోంది.

అత్తయ్య కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. ప్రభుత్వాలయ్యాయి. ప్రయాణాలయ్యాయి. మంచులో బళ్ళు నడిపే డ్రైవర్లూ, ఉద్యోగాలు పోయినవాళ్ళూ, వీసాలు రానివాళ్ళూ అందరూ అయ్యారు. పాస్టరుగారు రెండుసార్లు దగ్గారు. పిల్ల పేరు రాలేదు, పుస్తెల మాట రాలేదు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "తప్పించుకుంటోందే అమ్మ" అన్నాడు. అప్పుడు ఆవిడ గొంతు మారింది.

"ప్రభువా, కానాలో పెళ్ళికి మీ అమ్మగారు వెళ్ళారు. అంతమంది మగాళ్ళుండి ఎవరూ చూడలేదు, ఏం నిండుకుందో ఆవిడే చూసుకుంది. మీకు చెప్పి చేయించింది కూడా ఆవిడే."

కొంగు జారిపోయింది. ముడతలుపడ్డ ఆ చెయ్యి పుస్తెనీ బిళ్ళనీ కలిపి మూసింది. ఊగుతున్న బిళ్ళ ఆగింది.

"ఈ పిల్ల ఇంట్లో ఏం నిండుకుంటుందో ఇన్నాళ్ళూ నేను చూసుకున్నాను. ఇంక ఎన్నాళ్ళు చూసుకుంటాను ప్రభువా? నేను దీంతో వెళ్ళలేను. ఆవిణ్ణి వెళ్ళనివ్వండి."

ఆమెన్ అనాల్సింది మేం. అమ్మాయి ముసుగు మొహానికి అదుముకుని ఏడుస్తోంది, నేను ఏడుస్తున్నాను, పాస్టరుగారు కళ్ళజోడు తీసేశారు. తెలుగు ఒక్క ముక్క రాని యాయా, మనవడు అర్థం చెప్పేదాకా కూడా ఆగకుండా, అత్తయ్య చెయ్యి మీద తన చెయ్యి వేసి, "అమీన్" అంది.